గీత పడని రేజరు

దానం అద్దం ముందు కూర్చున్నాడంటే ఆ ఇంట్లో టీ చల్లారిపోవలసిందే. అరుగు మీద పీట, పీట పక్కన మగ్గుతో వేణ్ణీళ్ళు, స్తంభానికి మేకు కొట్టి తగిలించిన చేతి అద్దం. హైస్కూల్లో అటెండరుగా చేసి రిటైరైన మనిషి, అరవై నాలుగేళ్ళవాడు, ఇద్దరు మనవరాళ్ళకి తాతయ్య. అలాంటివాడు ఒక్క గడ్డం గీసుకోవడానికి ముప్పావుగంట తీసుకుంటే ఏ ఇల్లాలికి మాత్రం ఒళ్ళు మండదు?

"ఇంకో సంబంధం గానీ కుదిరిందా ఏంటండీ?" అనేది భార్య రేచల్, వాకిలి ఊడుస్తూ ఊడుస్తూ చీపురు ఆపి.

"ఆయ్, చర్చిలో ప్రకటన చదవడమే తరువాయి," అనేవాడు దానం.

మాట నవ్వుతూనే అనేవాడు. చెయ్యి మాత్రం కుడి దవడ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేది. అక్కడ ఇంకెవరిదో చెంప తగిలినట్టు ఉండేది అతనికి. చల్లగా, బిరుసుగా, ఎంత సబ్బు రాసినా నురగ పట్టని చెంప. కళ్ళు మూసుకుని తెరిచి, అద్దంలో ఉన్నది తన ముఖమేనని ఖాయం చేసుకుని, మళ్ళీ మొదలుపెట్టేవాడు.

కిటికీ గూట్లో ఆరు రేజర్లు పోగయ్యాయి. ఈయనకి ఈ వయసులో ఈ పిచ్చేమిటో రేచల్‌కి అర్థం కాలేదు. ఎలా అర్థమవుతుంది, ఆయన చెబితే కదా. చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. ఆ నోరు రాకపోవడమే ఈ కథంతా.

కాట్రేనికోన వెళ్ళే దారిలో కాలవగట్టున ఉంటుంది ఆ పేట. ఒకప్పుడు ఊళ్ళో క్షౌరం చేసేవాళ్ళు ఆ పేటలోకి వచ్చేవారు కాదు. ఎందుకు రారో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు. అందుకని పేట పని పేటవాళ్ళే చేసుకున్నారు. దానం తండ్రి మడత కత్తితో అందరికీ గడ్డాలు గీసేవాడు, బతికున్నవాళ్ళకీ, పోయినవాళ్ళకీ. తర్వాత కాలం తిరిగింది. పేటలో టీచర్లొచ్చారు, నర్సులొచ్చారు, బ్యాంకు ఉద్యోగస్తులొచ్చారు. సెంటర్లో ఏసీ సెలూను పెట్టారు. ఇప్పుడు ఎవరు ఎక్కడైనా కూర్చోవచ్చు. అయితే పోయినవాళ్ళ దగ్గరికి మాత్రం సెలూను రాదు కదా. మగమనిషి పోతే స్నానం చేయించి, గడ్డం గీసి, తెల్లబట్టలు తొడిగి పెట్టెలో పడుకోబెట్టాలి. మాసిన గడ్డంతో సమాధుల తోటకి పంపడమంటే ఆ పేటలో అప్రతిష్ఠ. ఆ పనికి తండ్రి తర్వాత దానమే. పైసా పుచ్చుకోడు. పిలిస్తే తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోతాడు, అంతే.

యాభై అయిదు దాటాక చెయ్యి కొంచెం వణకడం మొదలెట్టింది. కత్తి పట్టుకోవడానికి భయమేసింది. కిరాణాకొట్లో అట్టకి గుచ్చి వేలాడదీసే ప్లాస్టిక్ రేజర్లు ఉంటాయే, రెండు బ్లేళ్ళవి, పది రూపాయలవి, వాటిలో ఒకటి కొనుక్కుని దానితోనే కానిచ్చేవాడు. తెగదు, రక్తం రాదు, పని తేలిక. మధుబాబుకి గీసింది ఆ రేజరుతోనే.

మధుబాబు ఎవరంటే, పేట చివరింటి సత్యానందం, కృపావతిల కొడుకు. డిగ్రీ చదివి రెండేళ్ళు ఖాళీగా తిరిగాడు. మస్కట్‌లో హోటల్ పని ఉందని వీసా వస్తే, నేను వెళ్ళను నాన్నా, ఇక్కడే ఏదో ఒకటి చూసుకుంటానన్నాడు. సత్యానందం వినలేదు. ఇక్కడేముంది, రొయ్యల చెరువుల మీద కాపలాయా అని కేకలేసి విమానం ఎక్కించాడు. పద్నాలుగు నెలలు తిరక్కుండానే కుర్రాడు పెట్టెలో వచ్చాడు. రాత్రి పడుకుని తెల్లారి లేవలేదట. గుండె ఆగిందని అక్కడి డాక్టరు కాగితం మీద రాశాడు. అదే గదిలో పడుకునే జనార్దన్ అని ఐ.పోలవరం కుర్రాడు పెట్టెతోపాటు వచ్చి, ఏడుస్తూ అదే చెప్పాడు.

చనిపోయిన పద్దెనిమిదో రోజున వచ్చిన శరీరం. మందులు ఎక్కించి పంపారేమో, చర్మం ఎండిన తోలులా బిగిసిపోయి ఉంది. అయినా కొడుకుని గడ్డంతో పంపనన్నాడు సత్యానందం. దానం కూర్చున్నాడు. నీళ్ళు పెడితే నిలవలేదు. వెంట్రుక మొరాయించింది. నొక్కిపట్టి గీశాడు. మళ్ళీ గీశాడు. దవడ దగ్గర నాలుగైదుసార్లు లాగాడు. నెత్తురు చుక్క రాలేదు. పని అయ్యాక చూస్తే కుర్రాడు అప్పుడే స్నానం చేసి వచ్చినట్టున్నాడు. బాగా చేసేరు దానం గారూ అన్నారందరూ. కుర్రాడి చెల్లెలు సుప్రియ బెంగళూరు నుంచి రావాలని ఆ పూట ఐసు బాక్సులో ఉంచారు.

మర్నాడు సుప్రియ వచ్చింది. ముఖం మీది గుడ్డ తీశారు. కుడి దవడ మీద రెండు, గడ్డం కింద ఒకటి, ఎడమ చెవి దిగువన ఒకటి, వేలెడేసి వెడల్పున గోధుమరంగు చారలు. కమిలిపోయినట్టు, ఎవరో బెల్టుతో కొట్టినట్టు. కృపావతి పెట్టిన కేక కాలవ అవతలికి వినపడింది. ఎవరు కొట్టేరు నా కొడుకుని అంటూ చుట్టూ చూసి, చూసి, దానం దగ్గర ఆగింది.

"అన్నయ్యగారూ, నిన్న మీరు గీసినప్పుడు ఉన్నాయా ఈ దెబ్బలు?"

నలభై మంది అతని నోటికేసి చూస్తున్నారు. ఆ నోట్లోంచి వచ్చిన మాట, "ఆయ్."

అంతే. గోదావరి వాళ్ళం కదా మనం. ఎదుటివాళ్ళు ఏదడిగినా ముందు ఆయ్ అనేసి, ఆ తర్వాత తీరిగ్గా ఆలోచిస్తాం. మర్యాద నాలిక చివరే ఉంటుంది, బుర్ర వెనకాల నడిచి వస్తుంది. దానం బుర్ర వచ్చేసరికి జనార్దన్ కాలరు ఎవరి చేతిలోనో ఉంది. నిజం చెప్పరా, ఎవడు కొట్టాడు, నువ్వెందుకు దాస్తున్నావు అని చెంపలు వాయించారు ఆ కుర్రాణ్ణి. స్నేహితుడి శవాన్ని సముద్రం దాటించి తెచ్చినవాడికి మంచినీళ్ళివ్వకుండా వెళ్ళగొట్టారు. వాడు మళ్ళీ ఆ పేట ముఖం చూడలేదు.

నిన్న ఆ చారలు లేవని దానంకి తెలుసు. ఎక్కణ్ణుంచి వచ్చాయో మాత్రం అప్పటికి నిజంగా తెలియదు. లోపలి దెబ్బలు ఆలస్యంగా బయటపడ్డాయేమో, నేను సరిగా చూడలేదేమో అని తనకి తాను నచ్చజెప్పుకున్నాడు. అలా ఏడాదిన్నర బతికాడు. ఆ తర్వాత పేటలో తొంభై ఏళ్ళ ముసలాయన, మనవల మధ్య, సొంత మంచం మీద పోయాడు. దానం అదే రకం ప్లాస్టిక్ రేజరుతో గీశాడు. దూరాన ఉన్న కూతురి కోసం ఒక పూట ఉంచారు. మర్నాడు అవే చారలు. అదే దవడ, అదే గడ్డం కింద, అదే చెవి దిగువ. వయసు మచ్చలనుకుని ఇంట్లోవాళ్ళు పౌడరు రాశారు. దానం కొబ్బరితోటలోకి వెళ్ళిపోయాడు.

బతికున్నవాడి చర్మం బ్లేడు రాసుకుంటే ఎర్రబడుతుంది, మండుతుంది, పటిక రాస్తే సాయంత్రానికి మామూలైపోతుంది. పోయినవాడికి ఆ మంట తెలియదు, మానడమూ ఉండదు. బ్లేడు పైపొర లేపేసిన చోటల్లా ఆరి, ముదిరి, నల్లబడుతుంది. మధుబాబుని కొట్టిన చెయ్యి తనదేనని దానంకి ఆ రోజు తెలిసింది.

మరి వెళ్ళి చెప్పొచ్చు కదా అంటారు మీరు. నేనూ అదే అంటాను. నాలుగిళ్ళ అవతల ఇల్లు, నడిస్తే రెండు నిమిషాలు. కానీ ఏడాదిన్నర ఆలస్యంగా వెళ్ళి ఏమని చెబుతాడు? ఇన్నాళ్ళూ ఏం చేశావంటారు. జనార్దన్ చెంపల మాటేమిటంటారు. ఇంకెవరూ తమవాళ్ళని తన చేతికి ఇవ్వరు. ఈ ఆదివారం కాకపోతే వచ్చే ఆదివారం అనుకున్నాడు. వారం వారం గడిచినకొద్దీ ఆ రెండు నిమిషాల దారి పొడుగైపోయింది. పిరికితనం అంటే అదే మరి, దానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు.

కృపావతి ఊరుకునే మనిషైనా బాగుండేది. కొడుకు ముఖాన్ని ఫోనులో ఫోటో తీయించుకుంది. వచ్చినవాళ్ళందరికీ చూపించి, ఇదిగోండి ఇక్కడో దెబ్బ, ఇక్కడ రెండు అని వేలు పెట్టి చెప్పేది. ప్రతి ఆదివారం ఆరాధనలో, ఆడవాళ్ళ వైపు లేచి నిలబడి గట్టిగా ప్రార్థన చేసేది: "నా బిడ్డని కొట్టిన చేతుల్ని క్షమించు ప్రభువా. నేను క్షమించలేకపోతన్నాను, నువ్వైనా క్షమించు." సంఘమంతా ఆమెన్ అనేది. మగవాళ్ళ వైపు మూడో వరసలో దానం తన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు.

చెప్పే ధైర్యం లేనివాడు రేజరు వెతుక్కున్నాడు. ఇంకే ముఖం మీదా ఆ చార పడకూడదు, కనీసం అదొక్కటీ చేస్తాననుకున్నాడు. మొదట టీవీలో చూపించే మూడు బ్లేళ్ళది కొన్నాడు. బ్లేళ్ళ పైన జారుడు పట్టీ ఉంది, నున్నగా పోతుంది, కానీ రెండు వారాల గడ్డానికి బ్లేళ్ళ మధ్య వెంట్రుకలు ఇరుక్కుపోయి లాగేసింది. పైగా బ్లేళ్ళుండే మూతి మారిస్తే మూడు రోజుల కూరల ఖర్చు. బ్యాటరీ మిషను తెచ్చాడు, అది గరుకు వదిలేసింది. ఊళ్ళో తిరునాళ్ళలో కొన్న రేకు రేజరుకి బ్లేడు మరీ బయటికి పొడుచుకొచ్చి, తన గడ్డమే కోసుకున్నాడు. ప్రతిదీ ముందు తన ముఖం మీదే. అరవై దాటిన చెంప, వదులు చర్మం, పొద్దున గీసి సాయంత్రం దాకా అద్దంలో తడుముకోవడం. ఎక్కడ ఎర్రగా కనపడినా ఆ రేజరు గూట్లోకి పోయేది.

చివరికి అమలాపురంలో సెలూను సామాన్లు అమ్మే వీరబాబు కొట్టుకి వెళ్ళాడు.

"ఏం కావాలండి?" అన్నాడు వీరబాబు.

"దగ్గరగా గీయాలండి. మంట రాకూడదు. నొక్కినా గీత పడకూడదు. మర్నాటికి కూడా చార తేలకూడదు. ఖరీదు మాత్రం మనం పెట్టుకోగలిగేలా ఉండాలి."

వీరబాబు నవ్వాడు. "మర్నాటికి మళ్ళీ గడ్డమే తేలతాది కదండీ బాబూ, ఇంక చార ఎక్కడ కనపడతాది?"

దానం నవ్వలేదు. వీరబాబు ఆ ముఖం చూసి నవ్వు ఆపేసి, లోపలి అరలోంచి ఒక పెట్టె తీశాడు. మూడు ముక్కలుగా ఊడి వచ్చే సేఫ్టీ రేజరు. స్టీలు పూత, పొట్టి పిడి, అరచేతిలో పెడితే బరువు తెలుస్తోంది. నూటతొంభై రూపాయలు. బ్లేడు ఒక్కటే, అంచు బయటికి కనపడీ కనపడనట్టుంది.

"రెండు మూడు బ్లేళ్ళుంటే గొప్పనుకుంటారండి జనం. ఒక గీతలో మూడుసార్లు చర్మాన్ని రాకినట్టే అది. దీనికి ఒకటే బ్లేడు. మీరు నొక్కొద్దు, దాని బరువే కోస్తాది. వేణ్ణీళ్ళ గుడ్డ అయిదు నిమిషాలు వేసి ఉంచి, వెంట్రుక ఎటు వాలితే అటే లాగండి. ఒకసారి పోయిన చోటికి సబ్బు లేకుండా మళ్ళీ వెళ్ళకండి. ఈ మూడు రకాల బ్లేళ్ళూ తీసుకెళ్ళి, మీ చర్మానికి ఏది పడతాదో చూసుకోండి."

"నా చర్మానికి కాదండి," అన్నాడు దానం. ఎవరికని వీరబాబు అడగలేదు.

మూడు రకాలూ చూశాడు. రెండోది పడింది. నెలరోజులు గీసినా ఒక్క ఎర్రచుక్క లేదు. చెయ్యి వణికినా రేజరు వణకలేదు. ఆ నెలలోనే సత్యానందం మంచం పట్టాడు. కాలేయం పాడైందన్నారు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. దానం ఆ రేజరు పట్టుకుని ప్రతి శనివారం వెళ్ళి బావకి గడ్డం గీసేవాడు. కృపావతి తనని అన్నయ్య అంటుంది కాబట్టి అతను ఇతనికి బావే. పచ్చగా పాలిపోయిన పల్చటి చర్మం, ముట్టుకుంటే కందిపోయేలా ఉండేది. అయినా గీత పడలేదు.

"హాయిగా ఉంది బావా," అనేవాడు సత్యానందం కళ్ళు మూసుకుని. ఒకసారి ఉన్నట్టుండి అన్నాడు: "వాడు వెళ్ళనన్నాడు బావా. నేనే పంపేను. దెబ్బలు తినడానికి పంపేను. అక్కడ కొడతా ఉంటే వాడు నాన్నా అనుంటాడా? అన్నాడేమోనని నాకు నిద్ర పట్టదు."

దానం చేతిలో అతని గడ్డం ఉంది. మాట గొంతు దాకా వచ్చింది. నిజంగా వచ్చింది, నాలిక మీద దాని బరువు తెలిసింది. అంతలో కృపావతి బార్లీ నీళ్ళు పట్టుకుని గదిలోకి వచ్చింది. దానం వేణ్ణీళ్ళ గుడ్డ పిండి సత్యానందం చెంప మీద వేశాడు. వచ్చే శనివారం చెబుదామనుకున్నాడు. వచ్చే శనివారం ఆ ఇంటికి చుట్టాలొచ్చారు. ఆ పై శనివారం సత్యానందం మగతలో ఉన్నాడు, అయినా పలకరిస్తే ఊ కొట్టాడు. ఆ రోజూ గడ్డం గీసి, ముఖం తుడిచి, ఇంటికొచ్చేశాడు దానం. గురువారం మధ్యాహ్నం కబురొచ్చింది.

స్నానం చేయించాక దానం మోకాళ్ళ మీద కూర్చుని ఆఖరిసారి గీశాడు. ఇంత నెమ్మదిగా ఎన్నడూ గీయలేదు. సుప్రియ ఈసారి కూడా బెంగళూరు నుంచే రావాలి. ఐసు బాక్సు తెచ్చారు. మర్నాడు పదింటికి వెళ్ళాడు. వాకిట్లో టెంటు వేశారు, ఆడవాళ్ళు పాటలు పాడుతున్నారు. మూడింటికి పాస్టరుగారు ప్రార్థన చేస్తారు. లోపల పెట్టె దగ్గర కృపావతి, సుప్రియ ఇద్దరే ఉన్నారు.

ముఖం మీది గుడ్డ తీసి ఉంది. దానం వంగి చూశాడు. కుడి దవడ, గడ్డం కింద, ఎడమ చెవి దిగువ. ఎక్కడా ఏమీ లేదు. పడుకున్న మనిషిలా ఉన్నాడు సత్యానందం. ఇన్నేళ్ళు వెతికింది దొరికింది. దొరికితే గుండె కాస్త తేలికపడుతుందనుకున్నాడు, తేలికపడలేదు. ఇన్నాళ్ళూ ఏ మూలో ఒక అనుమానం అతన్ని కాపాడుతూ వచ్చింది, ఎవరు గీసినా అలాగే అయ్యేదేమోనని. ఈ నున్నటి ముఖం ఆ అనుమానాన్ని కూడా లాగేసుకుంది.

కృపావతి వేళ్ళ వెనకవైపుతో భర్త చెంప నిమిరింది.

"ఎంత బాగా చేసేరండీ అన్నయ్యగారూ. దెబ్బ తగలని ముఖం ఇలాగుంటాది. మావోడి ముఖం ఎలాగుందో చూసేరు కదా మీరు."

"అవి దెబ్బలు కావు చెల్లెమ్మా," అన్నాడు దానం. "నేను గీసినప్పుడు దెబ్బల్లేవు."

ఆమె అతనికేసి తిరిగింది. దానం చెప్పాడు. ఏదీ మింగలేదు. పది రూపాయల రేజరు, బిగిసిన చర్మం, నాలుగైదుసార్లు నొక్కి లాగడం, మర్నాటికి చారలు, నలభై మంది ముందు అన్న ఆయ్, తొంభై ఏళ్ళ ముసలాయన, ఆ తర్వాత గడిపేసిన ఆదివారాలు. కొడుతుందేమో అనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు.

కృపావతి ఫోను తీసి కొడుకు ఫోటో తెరిచింది. దాన్ని భర్త ముఖం పక్కన పెట్టి చాలాసేపు చూసింది. ఒక్కో చార మీదా వేలు పెట్టి, తలెత్తి దానంకేసి చూసింది. ఒక్కోదానికీ దానం తలూపాడు. సుప్రియ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"అయితే వాణ్ణి ఎవరూ కొట్టలేదా?"

"లేదమ్మా. ఎవరూ కొట్టలేదు."

"జనార్దన్ చెప్పింది నిజమేనా? నిద్రలోనే పోయేడా?"

"నిద్రలోనే చెల్లెమ్మా."

ఆమె ఫోను కింద పెట్టింది. పెట్టె అంచు పట్టుకుని వంగి, భర్త చెవి దగ్గర నోరు పెట్టింది. "ఏవండీ, ఇన్నారా? మనోణ్ణి ఎవరూ కొట్టలేదంట. పడుకుని పడుకున్నట్టే పోయేడంట. నాన్నా అని అరవలేదంటండీ." అక్కడే ఆగి, ఆ నున్నటి ముఖంలోకి చూస్తూ, జవాబు వస్తుందన్నట్టు ఎదురుచూసింది. ఎంతకీ లేవలేదు. సుప్రియ వచ్చి భుజం పట్టుకుంటే అప్పుడు తలెత్తి దానంకేసి చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉండి ఉంటే అతను ఎలాగో ఓర్చుకునేవాడు.

"పోయిన శనివారం కూడా వచ్చేరు కదా అన్నయ్యగారూ," అంది. "ఈయన గడ్డం చేత్తో పట్టుకుని ఇక్కడే కూర్చున్నారు కదా. అప్పుడు చెప్పుంటే ఈయన ఇనేవోరు."